నాందేడ్ బస్సు వచ్చేలోపు రాజలింగు చెప్పింది

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు నుంచి రేణుకమ్మ చాయ్ హోటల్ దాకా చెరుకు బండ్లు, ట్రాక్టర్లు వరుస కట్టి నిలబడి ఉన్నాయి. అది 2004 డిసెంబరు. రుద్రూర్ రైతు ముత్తన్న ట్రాక్టర్ కాటా మీదికి ఎక్కాలంటే ఇంకా అరవై బండ్లు కదలాలి. అయినా ఆ పూట అతని ప్రాణం చెరుకు మీద లేదు. నిజామాబాద్‌లో డిగ్రీ చదివే అతని బిడ్డ గంగమణి, మేనత్త భీమవ్వను తోడు తీసుకుని నాందేడ్ బస్సెక్కింది. కంప్యూటర్‌లో పరిచయమైన పిలగాడి ఇంటికి పోతున్నది. ఆ బస్సు ఒంటిగంటకు బోధన్‌లో ఆగుతుంది. ముత్తన్న బస్టాండుకు పోయి బిడ్డకు ఒంటి మీదికి బంగారమన్నా ఇవ్వాలి, లేదంటే ఇద్దరినీ దింపుకునన్నా రావాలి. బిడ్డకు సరే అన్నాడు గాని, రెండు రోజుల నుంచి ఏదీ తేల్చుకోలేకపోతున్నాడు.

బంగారం అంటే చనిపోయిన భార్యదే. గొలుసు, నాలుగు గాజులు, కమ్మలు. వరుస వదిలి రాలేనని కబురు పెడితే, బంగారం పని చేసే అవుసుల ఆత్మారామే మెరుగుపెట్టి ఎర్ర సంచిలో తెచ్చి హోటల్లో కూర్చున్నాడు. పిలగాని ఇంటోళ్లు పిల్లను చూసేందుకు రావాలి గాని పిల్లనే పంపుమనడం ఎక్కడి పద్ధతని ఆయన గొణుగుతూనే ఉన్నాడు.

ఆయన కూర్చున్న బల్ల మీదే కాలు మీద కాలేసుకుని రాజలింగు ఉన్నాడు. మండలాఫీసు ముందర కూర్చుని దరఖాస్తులు టైపు చేసే మనిషి. నలభైకి దగ్గర పడ్డా లగ్గం కాలేదు. అంతకుముందు నిజామాబాద్‌లో ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేశాడు కాబట్టి కంప్యూటర్ సంగతి ఏదైనా అతన్నే అడగాలని చుట్టుపక్కల ఊళ్లల్లో పేరు. ముత్తన్న కూడా అందుకే అడిగాడు. కంప్యూటర్ల మాట్లాడేటోళ్లు నిజమైన మనుషులేనా తమ్మీ, పిల్లను పంపొచ్చునా అని.

రాజలింగు గొంతు సవరించుకున్నాడు. బండ్లోళ్లు నలుగురైదుగురు దగ్గరికి జరిగారు.

"ముత్తన్నా, గీ ముచ్చట నన్ను గాక ఇంకెవలినన్న అడిగి ఉంటె నువ్వు ఆగమైపోతుంటివి. జెర నిమ్మలంగ కూసో, బస్సుకు ఇంక మస్తు టైముంది. రేణుకక్కా, ఇంకో చాయ్. ఇగో, మొదటి సంది చెప్త, ఎందుకంటె మొదలు తెల్వకుంటె చివర నమ్మరు. నేను మొదలు టైపు మిషిన్ మీద ఉన్న. బీడీలు చేసే అక్కలు వస్తుండ్రి, దుబాయ్‌ల ఉన్న పెనిమిటికి ఉత్తరం రాయమందురు. ఆమె ఒక ముక్క చెప్తె నేను పది ముక్కలు రాస్తుంటి. గా ఉత్తరాలు చదివి దుబాయ్‌ల మొగోళ్లు ఏడ్చేటోళ్లు. గంతే, ఎక్కువ చెప్త లేను. గింత చిన్న పని అది. అటెన్క కంప్యూటర్లు వచ్చినయ్, సెంటర్ పెట్టిండ్రు, నన్ను పిలిచి కూసోబెట్టిండ్రు. ఒకనాడు నందిపేట్ నుంచి ఒక పటేల్ కొడుకు వచ్చిండు. పసుపు చేన్ల పనిచేసి చేతులన్ని పచ్చగ. అన్నా, నాకు చాటింగ్ చేయాలె, ఇంగిలీషు రాదు అన్నడు. సరే, నువ్వు పక్కకు కూసో, నేను కొడ్త అన్న. అవుతల వైజాగ్ పిల్ల. హలో అన్నది. నేను హలో అన్లే. అక్కడ్నే ఉన్నది తెలివి."

"మరేమన్నవ్?" అన్నాడొక బండి మనిషి.

"ఏమన్ననో తర్వాత. ముందుగాల ఏమైందో ఇను. ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజుకు ఆ పిల్ల వాళ్ల నాయిన్ను తోల్కొని నందిపేట్‌ల దిగింది. లగ్గం అయిపోయింది. ఇప్పుడు ఇద్దరు పిల్లలు."

"ఎనిమిది రోజులకా?" రేణుకమ్మ చాయ్ వడగట్టడం ఆపింది. "మా ఇంట్ల సంబంధం కుదరనీకి మూడేండ్లు పట్టింది తమ్మీ."

"గందుకే చెప్తున్న అక్కా. మాటల కథ అది. ఇగ గా ముచ్చట ఊరూరు పాకింది. పొద్దుగాల సెంటర్ షట్టర్ లేపి సూస్తె ఏముంది, లైను. ఇగో ఇప్పుడు గీ చెరుకు బండ్ల లైనున్నదా, దీనికి మూడంతలు. ఆర్మూర్ పిలగాండ్లు, కమ్మర్‌పల్లి పిలగాండ్లు, దుబాయ్ నుంచి లీవు మీద వచ్చినోళ్లు. టోకెన్లు ఇచ్చినం. కొందరు రొట్టెలు కట్టుకొని వచ్చి అక్కడ్నే కూసుండ్రి. నేను ఒక్కన్ని, కంప్యూటర్లు అయిదు. ఏం జేయాలె? కుడి చెయ్యి ఒకదాని మీద, ఎడమ చెయ్యి ఒకదాని మీద, రెండు కాళ్లు కింద రెండిటి మీద."

"అయిదోది?"

"మోచెయ్యి. నవ్వకుండ్రి. ఎడమ చేత్తోని కాన్పూర్ పిల్లకు హిందీ, కుడి చేత్తోని మద్రాసు పిల్లకు ఇంగిలీషు, కాళ్లతోని మరాఠీ. ఒక్క అక్షరం తప్పు పోలే. వైర్లు వేడెక్కి ఎర్రగైనయ్. ఓనర్ పరేషాన్. గోనెసంచులు తడిపి వైర్ల మీద కప్పిండు. గా సంచుల నుంచి ఆవిరి లేస్తుండె. పక్క హోటలాయన సూసిండు, ఊకుంటడా? ఇడ్లీ గిన్నెలు తెచ్చి గా ఆవిరి మీద పెట్టిండు. మూడు నెలలు గాయన కట్టెలు కొనలే."

బండ్లోళ్లు ఒకరి మొకాలు ఒకరు చూసుకున్నారు. ముత్తన్న మాత్రం రోడ్డు దిక్కు చూస్తున్నాడు.

"తమ్మీ, అది గాదు," అన్నాడు. "మా పిల్లతోని మాట్లాడే పిలగాడు పుణెల నౌకరీ చేస్తడట. ఇల్లేమో నాందేడ్‌ల..."

"అరె, చెప్త గదా ముత్తన్నా, నడుమల పుల్ల పెట్టకు. నాందేడ్ అయితేంది, నైనిటాల్ అయితేంది. ఇను. ఆ సాలు మాఘమాసం లగ్గాలు మొత్తం నా పుణ్యమే. మూడు వందల నలభై. అయ్యగార్లు దొరకలే. నిజామాబాద్ జిల్లాల అయ్యగార్లంత ఒడిసిపోయిండ్రు. సరే అని అవుతల మహారాష్ట్ర నుంచి తెప్పించినం. వాళ్లు మంత్రాలు చదువుతుంటె మనోళ్లకు సగం సమజ్ గాలే, అయినా తాళ్లు కట్టిండ్రు. ఇగ పసుపు. నలుగులకు, తలంబాలకు పసుపు వాడి వాడి, మార్కెట్ యార్డుల కొమ్ము దొరకలే. గా బేపారులు అయిదుగురు నా తానికి వచ్చిండ్రు, దండలు పట్టుకొని. రాజలింగన్నా, జెర మెల్లగ చాట్ చేయవే, మేము సాంగ్లికి పసుపు పంపాలె అన్నరు. చేతులు మొక్కిండ్రు. ఇగ నేను ఏం జేసిన? ఎడమ కాలు ఆపిన. గా ఒక్క కాలు ఆపుడుతోనే యార్డుకు పసుపు తిరిగొచ్చింది."

"కాలు ఆపుడుతోనే," అన్నాడు ఆత్మారాం, సంచి ఒళ్లోకి లాక్కుంటూ.

"అవ్ మరి. నమ్మకుంటె యార్డుల అడుగు. అటెన్క ఏమైందో ఎర్కేనా? గిది నిజంగ ఎవలికి చెప్పలే. పిలగాండ్ల పేరు పెట్టి రాస్తున్న గాని, రాసేది ఎవలు? నేను. మాట ఎవలిది? నాది. పిల్లలు తెలివైనోళ్లు, పట్టేసిండ్రు. లగ్గమైనంక మొగన్తోని మాట్లాడితె, వానికి నాలుగు మాటలు కూడ రావాయె. గప్పుడు సమజైంది, రాసిన మనిషి వేరే ఉన్నడని. ఇగ లగ్గం కాని పిల్లలు షురూ జేసిండ్రు. నా కోసమే. ఒక శనివారం పొద్దుగాల ముంబై బండి నిజామాబాద్ టేసన్ల ఆగింది. ఏడుగురు దిగిండ్రు. ఏడు రాష్ట్రాల పిల్లలు. ఏడుగురి చేతుల ఏడు పూల గుచ్ఛాలు. ఒకరికొకరు తెల్వది. ఏడుగురు పోయి టేసన్ మాస్టర్‌ను అడిగిండ్రు, రాజలింగు ఎక్కడ అని. గాయన మైకుల చెప్పిండు. తెలుగుల ఒకసారి, హిందీల ఒకసారి, ఉర్దూల ఒకసారి. రాజలింగు గారు ఎక్కడున్నా ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం మీదికి రావాలె, ఏడుగురు పెండ్లి పిల్లలు మీ కోసం ఎదురుచూస్తుండ్రు అని."

రేణుకమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇడిసిపెట్టి వచ్చిండ్రా ఇల్లు వాకిలి? తల్లిదండ్రులకు చెప్పకుండనే?"

"చెప్పకుండనే అక్కా."

"నేను గుండె పగిలి చస్త," అంది రేణుకమ్మ. ఆమెకు ఇద్దరు బిడ్డలు. ఆ మాటతో బండ్లోళ్ల నవ్వు కూడా కొంచెం తగ్గింది. అయినా రాజలింగు ఆగే మనిషి కాదు.

"నేను ఏం జేసిన? గూడ్స్ బండి ఎక్కిన. బొగ్గు డబ్బాల పండుకొని ముద్ఖేడ్ దాకా పోయిన. ఆడోళ్లను ఆగం జేసుడు నా పద్ధతి గాదు. ఏడుగురికి అక్కడ్నే, టేసన్ల ఉన్న ఏడుగురు మంచి పిలగాండ్లను సూసి మాస్టరే లగ్గాలు జేసిండు. బండి రెండు గంటలు ఆపిండ్రు. డ్రైవర్ అప్పగింతలు పెట్టిండు. గాయన ఏడ్చుడు సూసి గార్డు ఏడ్చిండట."

"తమ్మీ, టైం పన్నెండున్నర అయింది," అన్నాడు ముత్తన్న. "ఒక్క మాట. వాళ్ల ఇంట్ల ఒక ముసలవ్వ..."

"ముత్తన్నా, నీ బిడ్డ ముచ్చటనే వస్తున్న. ఇగో అసలు కథ గిప్పుడే ఉన్నది. గీ ఏడుగురి ముచ్చట పేపర్ల పడ్డది. అది పోయి పోయి విలాయత్‌ల ఒకామె చదివింది. పెద్ద జమీందారు బిడ్డ. ఆమెకు వెయ్యి గుర్రాలు. నాతోని చాటింగ్ షురూ జేసింది. నేను వద్దంటున్న, ఆమె ఇడుస్తలేదు. ఒకనాడు ఏం రాసింది? నేను వస్తున్న అన్నది. ఎప్పుడమ్మా అన్న. వచ్చిన, పైకి సూడు అన్నది. సూస్తె హెలికాప్టర్. నేను గప్పుడు రుద్రూర్‌ల మా మేనమామ చెరుకు తోటల ఉన్న. సరిగ్గ మీ ఊరే ముత్తన్నా. దిగే జాగ ఎక్కడున్నది? చుట్టూ చెరుకు, మనిషి కంటె రెండంతల ఎత్తు. ఆమె డ్రైవర్‌కు చెప్పింది, దింపు అని. దింపిండు. గా పంకా ఉంటది గదా మీద, అది తిరుక్కుంట తిరుక్కుంట రెండెకరాల చెరుకు కోసేసింది. ఉత్తగ కోసుడు గాదు. ఆకు చెక్కి, కొస తీసి, మోపులు కట్టి గట్టు మీద పెట్టింది."

"మోపులు గూడ కట్టిందా?" అన్నాడు బండి మనిషి. రెండు నెలలుగా కోతకు కూలీలు దొరక్క తిరుగుతున్నవాడు. నిజమైతే బాగుండునన్న ఆశ ముఖంలో కనపడింది.

"కట్టింది. గాలి ఎట్ల తిరుగుతదో తాడు గట్లనే తిరుగుతది. సరే, ఆమె దిగింది. నేను పోయి నమస్తె పెడ్దమనేలోపు మోటర్ సైకిల్ మీద ఫ్యాక్టరీ ఫీల్డ్‌మెన్ వచ్చిండు. కటింగ్ ఆర్డర్ ఏది అన్నడు. ఇంకా వంతు రాని చెరుకు ఎట్ల కోసిండ్రు అన్నడు. నేనేం చెప్పాలె? విలాయత్ ఆమెను సూపెట్టిన. గాయన ఆమెను సూడలే. రూలు రూలే అన్నడు. కోసిన చెరుకు హెలికాప్టర్‌ల వేసి ఫ్యాక్టరీకి తేవాలె, లైన్‌ల నిలబడాలె అన్నడు. ఇగో, గీ రోడ్డు మీదనే, గీ రేణుకక్క హోటల్ ముందర్నే హెలికాప్టర్ నిలబడ్డది. ముందర బండి, ఎన్క బండి, నడుమల హెలికాప్టర్. మూడు రోజులు."

"నా హోటల్ ముందర్నా?" అంది రేణుకమ్మ.

"నువ్వు గప్పుడు మీ అవ్వగారింటికి పోయినవ్ అక్కా. మూడు రోజులు ఆమె గిదే బల్ల మీద కూసుంది. గిదే చాయ్ తాగింది. నాలుగో రోజు కాటా మీదికి ఎక్కించిండ్రు. చెరుకుతోని సహా తూచిండ్రు, ఆమెను గూడ దించలే. తరుగు తీసిండ్రు. గా చీటీ ఇప్పటికీ ఆమె తాన ఉన్నది, అద్దంల పెట్టి గోడకు తగిలేసుకుందట. అటెన్క ఆమె నాకు ఎదురుంగ నిలబడ్డది. రాజలింగూ, నన్ను చేసుకుంటవా అన్నది. నేను ఒక్కటే మాట అన్న. అమ్మా, నేను లగ్గాలు చేసే మనిషిని, చేసుకునే మనిషిని గాదు. ఆమె ఏడ్చింది సూడు. మంజీర ఆ సాలు నిండినది వానలకే అనుకుంటుండ్రు మీరంత."

ఇంక ఎవరూ నవ్వలేదు. నమ్మినవాళ్లు లేరు, కాని ఇంత మాట ఎట్లా అన్నాడా అని అందరూ అట్లాగే చూస్తూ ఉండిపోయారు. రాజలింగు ముత్తన్న భుజం మీద చెయ్యేశాడు.

"గందుకే చెప్తున్న. లక్షమందిని సూసినోన్ని. టైపు కొట్టే చప్పుడును బట్టి అవుతలోడు దొంగనా దొరనా చెప్త. కంప్యూటర్ల మోసం అనేది ఉండదు ముత్తన్నా. మనసుల ఉన్నదే వేళ్లల్లకు వస్తది. బంగారం ఇచ్చి, పిల్లను సంబురంగ సాగనంపు. నేను చెప్తున్న, నా మాట మీద పంపు."

ముత్తన్న ఊపిరి వదిలాడు. రెండు రోజుల్లో మొదటిసారి ఎవరో ఒకరు తేల్చి చెప్పారు. సంచి ఇమ్మని ఆత్మారాం వైపు చెయ్యి చాపాడు.

ఆత్మారాం ఇవ్వలేదు. సంచిని రెండు చేతులతో పట్టుకుని రాజలింగు దిక్కు చూశాడు.

"రాజలింగూ, నేను హెలికాప్టర్ సంగతి అడగ. ఏడుగురు పిల్లల సంగతి గూడ అడగ. పోయిన మాఘమాసంల నా దుకాన్లకు వచ్చి పుస్తెలు చేయించుకున్నవ్. మట్టెలు గూడ. నేను మంచి గడియ సూసి మూసల బంగారం కరిగిచ్చిన. ఎవలకని అడిగితె నవ్వినవ్. లగ్గం కాకుండ పుస్తెమట్టెలు ఎవలు చేయించుకోరు. చేసినోనికి లగ్గంల ఒక ధోతి పెడ్తరు, పెద్దమనిషినని పిలుస్తరు. నన్ను ఎవలు పిలువలే. గా పుస్తెలు ఎవలి మెడల కట్టినవ్?"

రాజలింగు నోరు తెరిచాడు. అలవాటు ప్రకారం ఏదో వస్తుందని అందరూ అనుకున్నారు. రాలేదు.

"అది... వేరే వాళ్లకు," అన్నాడు.

"వేరేవాళ్లకు వాళ్ల అవుసులాయన చేస్తడు," అన్నాడు ఆత్మారాం.

అప్పుడు ముత్తన్నకు తన మాట పూర్తి చేసే సందు దొరికింది. ఇందాక రెండుసార్లు మొదలుపెట్టి ఆగిన మాట. నాందేడ్ బస్టాండులో సురేఖక్క అనే ఆమె వచ్చి తీసుకుపోతుందట. ఇంట్లో పిలగాడి ముసలవ్వ మంచం పట్టిందట. కన్ను మూసేలోపు మనవడి పెండ్లాన్ని చూడాలని పట్టుబట్టిందట, అందుకే పిల్లనే రమ్మన్నారట. బంగారం వేసుకుని రావాలట, చుట్టాలు చూస్తారట. పోగానే ఆ ముసలవ్వ కాళ్లు మొక్కాలట, ఆమె దీవెన దొరికిన తర్వాతే మిగతా ముచ్చట అట.

రాజలింగు లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు.

"సురేఖక్క అన్నరా?"

"అవ్."

"తలుపుకు ఆకుపచ్చ రంగు ఉంటదని చెప్పిండ్రా?"

ముత్తన్న జేబులోంచి కాగితం తీశాడు. గంగమణి రాసిచ్చిన అడ్రసు. మున్సిపల్ కొళాయి వెనక గల్లీ, ఆకుపచ్చ తలుపు ఇల్లు. అది చదివి రాజలింగు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"మొక్కకుండ్రి," అన్నాడు. "ఆ కాళ్లు మొక్కకుండ్రి. నేను మొక్కిన. పెద్ద మనిషి గదా, మన పద్ధతి గదా అని వంగి, దుప్పటి కింద చెయ్యి పెట్టి మొక్కిన. అవి ఆడమనిషి కాళ్లు గావు ముత్తన్నా. మొగాని కాళ్లు. వెంట్రుకలు తాకినయ్ నా చేతికి. నేను లేచేలోపు ఎన్క గొళ్లెం పడ్డది."

రేణుకమ్మ చాయ్ గిన్నె పొయ్యి మీది నుంచి దింపేసింది. "అవ్వా," అంది, అంతే.

ఇక మిగిలింది అతను ఎవరినీ చూడకుండా చెప్పుకుంటూ పోయాడు. సెంటర్లో పిలగాండ్ల కోసం టైపు కొట్టి కొట్టి, ఒకరోజు తన కోసం కొట్టాడు. నాందేడ్ ఆమె దొరికింది. నాలుగు నెలలు మాట్లాడింది. ఇంటికి రా, అవ్వ దీవెన తీసుకుని గుడిలో లగ్గం చేసుకుందాం, పుస్తెమట్టెలు నువ్వే తెచ్చుకో అంది. తెచ్చుకున్నాడు. లోపల నలుగురు మగాళ్లు ఉన్నారు. పుస్తెలు, మట్టెలు, వాచీ, చెప్పులు కూడా తీసుకున్నారు. ఆ తర్వాత బట్టలు విప్పించి ఫొటోలు తీశారు. నోరు తెరిస్తే నిజామాబాద్ బస్టాండు గోడలన్నిటికీ అంటిస్తామన్నారు. ఎవరిదో లుంగీ కట్టుకుని బోధన్ దాకా వచ్చి, సాధువుకు బట్టలు దానం చేశానని అడిగినవాళ్లకు చెప్పాడు. సెంటర్ ముందరి నుంచి మళ్లీ నడవలేదు.

"పది నెలలు," అన్నాడు ఆత్మారాం. "పది నెలల సంది తెలిసి, గిప్పుడు బంగారం ఇచ్చి పంపుమన్నవా?"

"గదే ఇల్లని నాకేం ఎరుక ఆత్మారామన్నా. ముత్తన్నను నేను చెప్పనిచ్చిన్నా?"

ముత్తన్న అతన్ని తిట్టలేదు. తిట్టే సమయం లేదు. గోడ గడియారం ఒంటిగంటకు పది నిమిషాలు చూపిస్తున్నది. ట్రాక్టర్ తాళాలు రేణుకమ్మ ముందర పడేసి రోడ్డెక్కాడు. వరుస కదిలితే అతని వంతు పోతుంది, పొద్దున మళ్లీ చివర నుంచి మొదలుపెట్టాలి. ఆ సంగతి తలుచుకోలేదు. ఆత్మారాం స్కూటర్ తీశాడు. రాజలింగు తనంతట తానే వెనక ఎక్కి కూర్చున్నాడు.

బస్టాండులో నాందేడ్ బస్సు అప్పటికే వచ్చి నిలబడి ఉంది. మనుషులు నిండుగా ఉన్నారు. గంగమణి మూడో సీట్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది, కొత్త చీర. పక్కన భీమవ్వ ఒళ్లో అరిసెల డబ్బా. ముత్తన్న ఎక్కి, దిగు బిడ్డా, పోవద్దు అన్నాడు. గంగమణి కదల్లేదు.

"నువ్వే ఒప్పుకున్నవ్ గదా బాపూ. మళ్ల ఎవరో ఏదో అన్నరా? నాకు తెల్వదా ఎవలు మంచోళ్లో? ఏడాది సంది మాట్లాడుతున్న."

ముత్తన్నకు నాందేడ్ ఇంటి సంగతి బిడ్డ ముందర, అంతమంది మధ్యన చెప్పడానికి నోరు రాలేదు. కండక్టర్ తొందర పెడుతున్నాడు. అప్పుడు రాజలింగు ఎక్కాడు. నడుమ దారిలో నిలబడి, గొంతు సవరించుకుని, "నేను నిజామాబాద్‌ల..." అని మొదలుపెట్టి ఆపాడు. ఆ తర్వాత మెల్లగా చెప్పాడు. ఆకుపచ్చ తలుపు, సురేఖక్క, మంచం, దుప్పటి కింది కాళ్లు, ఫొటోలు. ఒక్క మాట పెంచలేదు. భీమవ్వ అరిసెల డబ్బా గట్టిగా పట్టుకుని వింటున్నది. బస్సు వెనక సీట్ల నుంచి కూడా మనుషులు మెడలు చాచారు.

గంగమణి అతని మొకం చూస్తూ ఉంది. నమ్మలేదు. నమ్మడానికి ఇష్టం లేదు కూడా.

"మొదటి రోజు మీకేం రాసింది?" అని అడిగింది. "మొట్టమొదటి మాట."

"హలో అన్లే," అన్నాడు రాజలింగు. "తిన్నవా అని రాసింది. తిన్న అన్న. నీకు వండిపెట్టేది ఎవలు అని రాసింది. నాకు ఎవలు లేరు బిడ్డా. గా మాటకే పోయిన నేను."

గంగమణి కళ్లు కిందికి దించింది. తల్లి పోయి ఆరేండ్లు. రెండు చేతులతో కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుంది. ఆమెకు రాసింది కూడా అదేనని ముత్తన్నకు ఆ చేతులు చూస్తే అర్థమైంది. కండక్టర్ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదలేదు.

"పది నెలలు మీరు ఎవలికీ ఎందుకు చెప్పలే?" అంది గంగమణి. కోపంగానే అంది.

రాజలింగు బస్సు నిండా ఉన్న మనుషులను ఒకసారి చూశాడు.

"నవ్వుతరని బిడ్డా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. గంగమణి లేచి, సీటు కింద నుంచి సంచి లాగి, మేనత్త చెయ్యి పట్టుకుని బస్సు దిగింది.